బూట్లు ఎక్కడ విప్పాలి?

పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు అమెరికా దక్షిణాది నుంచి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

ఆమెకు 36 ఏళ్లు. గుంటూరు వైపు నుంచి పెళ్లయి వెళ్లి పన్నెండేళ్లయింది. హెచ్-4 (భర్త వీసా మీద ఆధారపడి వచ్చే వీసా) మీద వర్క్ పర్మిట్ వచ్చాక ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వంలో, భవనాల విభాగంలో ఉద్యోగం దొరికింది. ఏ ఆఫీసుకు ఎంత చోటు కావాలో లెక్కగట్టి ప్లాను గీయడం ఆమె పని. చేరిన మూడేళ్లకు మొదటిసారి ఒక ప్రాజెక్టు మొత్తం ఆమె చేతికి వచ్చింది: యానిమల్ కంట్రోల్ శాఖకు కొత్త ఆఫీసు. తిరుగుతున్న కుక్కల్ని పట్టి తేవడం, కుక్కకాటు మీద విచారణ, జంతువుల్ని హింసించినవాళ్ల మీద కేసులు, అన్నీ చూసేది ఈ శాఖే. బయట తిరిగే ఆఫీసర్లు 11 మంది, ఫోన్లు ఎత్తే డిస్పాచ్ వాళ్లు ముగ్గురు, కౌంటరూ కాగితాలూ చూసేవాళ్లు నలుగురు, ఒక మేనేజరు. మొత్తం 19 మంది. మంగళ, గురువారాల్లో వెటర్నరీ డాక్టరు వస్తారు. ఇప్పుడు వాళ్లు కుక్కల షెడ్ల వెనక రెండు పాత ట్రైలర్లలో సర్దుకుంటున్నారు. షెడ్లకు ఆనుకునే రోడ్ల శాఖ ఖాళీ చేసిన భవనం ఉంది, 5,200 చదరపు అడుగులు. దాన్ని వీళ్లకు ఇస్తున్నారు.

బాస్ చెప్పిన సూత్రం ప్రకారం మనిషికి ఎనిమిది బై ఎనిమిది క్యూబికల్ చొప్పున ఆమె ప్లాను గీశారు. ఒక ముఖద్వారం, ఒక కౌంటరు, మధ్యలో పెద్ద హాలు, పక్కన మీటింగ్ గది, తిండి తినే గది, స్టోరు. 19 సీట్లు పోను ముందుముందు కోసం మరో మూడు కూడా మిగిలాయి. బాస్ అందరి ముందూ మెచ్చుకుని ఫైనాన్స్ వాళ్లకు పంపేశారు. ఇంకో ఐదు వారాల్లో కౌంటీని నడిపే కమిషనర్ల బోర్డు ముందుకు వెళుతుంది.

అంతా అయ్యాక, ఇరవై ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఒక సీనియర్ ఆఫీసరు ప్లాను చూసి ఒక్క మాట అడిగింది: "ఇందులో మేం బూట్లు ఎక్కడ విప్పాలి?" ఈమెకు జవాబు దొరకలేదు. మర్నాడు సెలవు పెట్టుకుని ఆమె ట్రక్కులో కూర్చుని పొద్దంతా తిరిగారు. సాయంత్రం గంటసేపు కౌంటరు పక్కన నిలబడ్డారు. ఒక ముసలాయన, చనిపోయిన భార్య పెంచుకున్న కుక్కను అప్పగించడానికి వచ్చి, కుక్కను లోపలికి తీసుకెళ్లాక చేతిలో మిగిలిన మెడపట్టీ ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడట. ఆయన పక్కనే, అదే వరసలో, కుక్కపిల్లను దత్తత తీసుకోవడానికి వచ్చిన పిల్లలు గెంతుతున్నారు. కౌంటరులో కూర్చునే అమ్మాయి వెనక ఉన్న తలుపు, జంతువులకు ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చే గదికి దారి. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ అమ్మాయి రేడియో సౌండు పెంచుతోంది. తను గీసిన కొత్త ప్లానులోనూ ఆ దారి హాల్లోంచే వెళుతోందని, తలుపు కౌంటరుకు పదడుగుల దూరంలోనే పడిందని ఈమెకు అప్పుడు తట్టింది.

ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. బాస్‌కు చెబితే ఉద్యోగానికి ఏమవుతుందోనని టెన్షన్. "ఆయనే ఓకే అన్నాక నీకెందుకు తలనొప్పి" అంటారు భర్త. ఆరు నెలలకని వచ్చిన అత్తగారు ఆ ఆఫీసుకు వెళ్లివచ్చిన రోజు స్నానం చేస్తేగానీ వంటింట్లోకి రానివ్వడం లేదు, "కుక్కల్ని చంపేచోటుకు నువ్వు గదులు కడుతున్నావా? ఆ పాపం మనకెందుకమ్మా" అన్నారట. "అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. చెప్పాలా, ఊరుకోవాలా, ఈ ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేసి తప్పుకోవాలా?" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ తప్పేం లేదని ఓదార్చడం తేలికే. కానీ మీరు ఓదార్పు కోసం రాయలేదు. ప్లాను తప్పింది. ఎక్కడ తప్పిందో చూస్తే దిద్దే దారీ కనిపిస్తుంది. నేనూ అమెరికాలోనే 26 ఏళ్లు ప్రభుత్వ భవనాల ప్లాన్లు గీసి రిటైరైన మనిషిని, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

మనిషికి ఇన్ని అడుగులు అనే సూత్రం కూర్చుని చేసే పనికి పుట్టింది. పన్నుల శాఖకో, రికార్డుల శాఖకో అది చక్కగా సరిపోతుంది. యానిమల్ కంట్రోల్ ఆఫీసర్లు కూర్చోరు. రిపోర్టు ట్రక్కులోనే లాప్‌టాప్ మీద రాస్తారని, షిఫ్టు మొదట్లో చివర్లో ఇరవై నిమిషాలు తప్ప లోపల కనిపించరని మీరే రాశారు. మధ్యాహ్నం అన్నం కూడా ట్రక్కులోనే. అలాంటివాళ్లకు మీరు 11 క్యూబికల్స్ ఇచ్చారు. కాళ్లు కడుక్కునే చోటు మాత్రం ఇవ్వలేదు. ఆ ఆఫీసరు అడిగిన ప్రశ్నలో అంత అర్థం ఉంది.

బూట్ల సంగతి శుభ్రత పట్టింపు ఒక్కటే అనుకోకండి. పార్వో వైరస్ కుక్కపిల్లల్ని రోజుల్లో చంపేస్తుంది, నేల మీదా బూటు అడుగునా నెలల తరబడి బతికి ఉంటుంది. పార్వో ఉన్న ఇంటి పెరట్లోంచి వచ్చిన ఆఫీసరు అదే బూట్లతో హాలు దాటి, కౌంటరు దాటి, రాత్రి ఇంటికి వెళితే అక్కడ తన కుక్క ఉంటుంది. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లలో చాలామంది ఇంట్లో జంతువుల్ని పెంచుకునేవాళ్లే. ట్రక్కు ఆగేచోట వెనక తలుపు, లోపలికి రాగానే బూట్లు కడిగే తొట్టి, డ్రైను ఉన్న సిమెంటు నేల, లాకర్లు, ఒక షవరు. వాళ్లకు కావలసిన ఆఫీసు అక్కడ మొదలవుతుంది.

చోటెక్కడిదంటారా? మీ కాగితంలోనే ఉంది. ఒక షిఫ్టులో ఆరుగురికి మించి ఉండరు కాబట్టి 11 క్యూబికల్స్ బదులు అందరికీ కలిపి నాలుగు బల్లలు పెట్టండి. ఏడు తగ్గాయి, ఏడు అరవై నాలుగులు 448 చదరపు అడుగులు చేతికొచ్చాయి. బూట్ల గదికి 100, షవరుకూ లాకర్లకూ 140, కౌంటరు పక్కన తలుపు వేసుకునే చిన్న గదికి 90, కేసుల సాక్ష్యాలు భద్రపరిచే గదికి 80. మొత్తం 410. ఇంకా 38 మిగిలే ఉన్నాయి. నాలుగు బల్లలు చాలవని ఆఫీసర్లు అంటే ఐదు చేయండి. అప్పుడు 26 అడుగులు తక్కువ పడతాయి, మీటింగ్ గదిలోంచి తీసుకోండి. భవనం పెంచక్కర్లేదు, చోటు కోసం డబ్బు అడగక్కర్లేదు. కుళాయిలు, డ్రైన్ల ఖర్చు కొంత పెరుగుతుంది. ఆ మాట బాస్ నోటి నుంచి రాకముందే మీరే చెప్పాలి.

ఇక కౌంటరు. నన్ను అన్నిటికంటే కదిలించింది మీ ఉత్తరంలో ఆ మెడపట్టీ. ఆ వరసలోకి ఎవరెవరు వస్తారో ఒక్కసారి మనసులో నిలబెట్టి చూడండి. తప్పిపోయిన కుక్క దొరికిందా అని పరుగెత్తుకొచ్చినవాళ్లు. పెంచలేక తెచ్చి అప్పగించేవాళ్లు. పెంచుకోవడానికి వచ్చినవాళ్లు. బిడ్డను కుక్క కరిచిందని కోపంతో వణుకుతూ వచ్చిన తండ్రి. కరిచిన కుక్క పది రోజులు పరిశీలనలో ఉండాలి కాబట్టి, అది ఎలా ఉందోనని అడగడానికి వచ్చే దాని యజమాని. చివరి ఇద్దరూ ఒకే వరసలో ఎదురుపడితే కౌంటరు అమ్మాయి ఏం చేయగలదు?

కాబట్టి రెండు తలుపులు కావాలి. ఒకటి తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు, ఒకటి అప్పగించడానికీ ఫిర్యాదుకూ వచ్చేవాళ్లకు. రెండింటి మధ్య ఒకే సిబ్బంది, ఇటు తిరిగితే ఈ కౌంటరు, అటు తిరిగితే ఆ కౌంటరు. కొత్త మనుషులు అక్కర్లేదు. రెండో వాకిలి చోటుకు మీరు మిగిల్చిన మూడు సీట్లను వదులుకోవాలి, అంటే 192 అడుగులు. బాస్‌కు ఆ మూడు సీట్లంటే ముచ్చట అని రాశారు కాబట్టి ఇక్కడ బేరం తప్పదు. మూడూ ఇవ్వనంటే ఒక్క ముఖద్వారమే ఉంచి, లోపలికి రాగానే దారి రెండుగా చీలేలా అడ్డగోడ కట్టవచ్చు. దానివల్ల వరసలు విడిపోతాయి. కానీ ఏడుస్తూ బయటికి వెళ్లేవాళ్లు నవ్వుతూ వచ్చేవాళ్ల మధ్యలోంచే వెళ్లాలి. నాకైతే మనసొప్పదు.

తొంభై అడుగుల గది ఆ ముసలాయన లాంటివాళ్ల కోసం. తొమ్మిది బై పది. రెండు కుర్చీలు, ఒక సోఫా, నేల మీద కుక్క పడుకునేంత చోటు, బయటికి చూసే కిటికీ. సంతకం అక్కడ కూర్చుని పెట్టాలి. మెడపట్టీ ఇంటికి తీసుకెళతారా, ఇక్కడ వదిలేస్తారా అని ఎవరైనా నెమ్మదిగా అడగాలి. ఆ మాట అడగడానికి నాలుగు గోడలు కావాలి. గోడలు ఇవ్వడం మీ చేతిలో ఉంది.

ఆఖరి గది గురించి మీరు రెండే వాక్యాలు రాశారు. అది కష్టమైన విషయం కనుకే అలా తప్పించుకున్నారేమోననిపించింది. కానీ ఈ ప్లానులో మీరు ఎక్కువసేపు కూర్చోవలసింది అక్కడే. ఆ గదికి దారి హాల్లోంచి ఉండకూడదు. షెడ్ల వైపు నుంచి ఒక తలుపు, లోపలే, చనిపోయిన జంతువుల్ని ఉంచే చల్లగదిలోకి ఇంకో తలుపు, అక్కడి నుంచి వెనక వాకిలికి. కౌంటరుకూ దానికీ మధ్య కనీసం రెండు గోడలు, వీలైతే స్టోరు. అక్కడ వాడే పెంటోబార్బిటాల్ ఫెడరల్ చట్టం నియంత్రణలో ఉన్న మందు, గట్టి బీరువాలో తాళం వేసి ఉండాలి, ప్రతి మోతాదూ పుస్తకంలో రాయాలి. ఆ బీరువా మేనేజరు గదిలో పెడితే మందు చేతపట్టుకుని ఎవరో ఒకరు రోజూ హాలు దాటాలి. గదిలోనే పెట్టండి. పని అయ్యాక డాక్టరూ సహాయకులూ కూర్చునేందుకు పక్కన ఒక కుర్చీ, ఒక సింకు, ఒక కిటికీ ఉండేలా చూడండి. ఆ పని చేసినవాళ్లు నేరుగా తిండి గదిలోకి వెళ్లి నవ్వు ముఖం పెట్టాల్సిన అవసరం రాకూడదు.

తిండి గది అంటే గుర్తొచ్చింది. రేబిస్ అనుమానం ఉన్న జంతువు చనిపోతే దాని తల పరీక్షకు పంపాలి, అది గడ్డకట్టకుండా ఫ్రిజ్‌లో చల్లగా ఉండాలి. పాత ఆఫీసుల్లో చోటు లేక ఆ ఫ్రిజ్ ఎక్కడ పడితే అక్కడ సర్దుకుంటుంది. మీ ప్లానులో దానికి చోటే లేదు. చల్లగది పక్కన ఒక మూల ఇవ్వండి. టిఫిన్ డబ్బాలు పెట్టుకునే ఫ్రిజ్‌కూ దీనికీ మధ్య తలుపు కాదు, దూరం ఉండాలి.

మిగతావి త్వరగా చెబుతాను. షెడ్లకు ఆనుకున్న గోడకు మీరు డిస్పాచ్ వాళ్లను కూర్చోబెట్టారు. కుక్కల షెడ్లలో అరుపులు వంద డెసిబెల్స్ దాటడం మామూలే. ఎనిమిది గంటల పనికి 85 దాటకూడదని, పనిచోట ఆరోగ్యం మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫారసు. గోడ కొంత ఆపుతుంది, కానీ ఫోన్లో అవతల ఏడుస్తున్న మనిషి అడ్రసు వినిపించాలి కదా. ఆ గోడకు స్టోరునూ సాక్ష్యాల గదినీ మిషన్ల గదినీ ఆనించి, డిస్పాచ్‌ను వీధివైపు మూలకు జరపండి. గాలి సంగతి మెకానికల్ ఇంజనీరుతో తప్పక మాట్లాడండి: షెల్టర్ పశువైద్యుల సంఘం 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో జంతువులుండే చోట గంటకు 10 నుంచి 20 సార్లు గాలి మారాలని ఉంది. షెడ్ల గాలి ఆఫీసులోకి తిరిగి రాకూడదు. పాత భవనంలో డక్టులు కలిసిపోయి ఉండవచ్చు, చూసుకోండి.

సాక్ష్యాల గది దండగ అని ఎవరైనా అంటే ఒక మాట చెప్పండి. 2016 నుంచి ఎఫ్‌బీఐ తన నేర గణాంకాల్లో జంతు హింసను వేరే తరగతిగా లెక్కిస్తోంది. ఈ కేసులు కోర్టుకు వెళతాయి. గొలుసో, ఫొటోలున్న కార్డో ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో నిలబెట్టలేకపోతే కేసు పోతుంది. మీటింగ్ గదిని కుదించినా పూర్తిగా తీసేయకండి. మీది తుపాన్లు వచ్చే ప్రాంతం. 2005లో కత్రినా తుపాను అప్పుడు పెంపుడు జంతువుల్ని వదిలి రాలేక ఇళ్లలోనే ఉండిపోయినవాళ్లు ఎందరో. ఆ అనుభవంతోనే 2006లో వచ్చిన ఫెడరల్ చట్టం అత్యవసర ప్రణాళికల్లో పెంపుడు జంతువులకు చోటు ఉండాలంటోంది. తుపాను రోజు ఆ గదే వాళ్ల కంట్రోల్ రూము. జనరేటరు లైను, ఎక్కువ ప్లగ్గులు అక్కడికి వేయించండి.

ఇప్పుడు బాస్ దగ్గరకు వద్దాం.

మీ భయంలో రెండు ముడులు కలిసిపోయాయి. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికే ముప్పు వస్తుందేమో అన్నట్టు రాశారు. మీది హెచ్-4. మీ స్టేటస్ మీ భర్త స్టేటస్ మీద ఆధారపడింది, ఈ ఉద్యోగం మీద కాదు. పర్మిట్ రెన్యువల్ టెన్షన్ ఉంటుంది, అది నాకు తెలుసు, కానీ దానికీ మీ బాస్ మూడ్‌కీ సంబంధం లేదు. ఆ ముడి విప్పేస్తే మిగిలేది మామూలు భయమే: మెచ్చుకున్న మనిషి ముందు "నేను తప్పు చేశాను" అనడం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న భయం. అది చిన్నదని అనను.

ఊరుకోవడం ఒక దారి. రేపు ఏమీ జరగదు. బోర్డు పాస్ చేస్తుంది, మీకు ఇంకో ప్రాజెక్టు వస్తుంది. గోడలు లేచాక మేనేజరు అభ్యంతరాలు రాస్తారు, అప్పుడు కాంట్రాక్టరుకు మార్పుల బిల్లు కట్టాలి. కాగితం మీద రబ్బరుతో చెరిగే గోడకు అప్పుడు సుత్తి కావాలి. లేదా ఎవరూ ఏమీ రాయరు, సర్దుకుపోతారు. నాకు భయమేసేది ఈ రెండోదే. ఎందుకంటే అది నేను చేశాను.

నాకు 34 ఏళ్లప్పుడు ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి ప్లాను గీశాను. పేరు రాసుకునే కిటికీకి ఎదురుగా, ఐదడుగుల దూరంలో కుర్చీలు వేశాను. చోటు కలిసొచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. "ఏం బాధ?" అని లోపలి నుంచి అడిగితే చెప్పే జవాబు కుర్చీల్లో ఉన్న ఇరవై మందికీ వినిపిస్తుందని పని మొదలుకాకముందే నాకు తట్టింది. చెప్పలేదు. నాకూ అప్పుడు మీ భయాలే. తెరిచిన ఏడాదికి ఏదో పని మీద వెళ్లాను. ఒక అమ్మాయి కిటికీ దగ్గర నోరు విప్పకుండా చిన్న కాగితం ముక్క మీద రాసి లోపలికి తోసింది. లోపల గుమస్తా దగ్గర అలాంటి ముక్కలు కత్తిరించి దొంతరగా పెట్టి ఉన్నాయి. రోజూ అవసరం పడుతోంది కనుక ముందే కత్తిరించి ఉంచుకుంది. నా తప్పును ఆమె కత్తెరతో సర్దుకుంటోంది. మీ కౌంటరు అమ్మాయి రేడియో గురించి చదువుతుంటే నాకు ఆ కాగితాల దొంతరే కళ్ల ముందుకొచ్చింది.

రెండో దారి, బాస్‌కు ఒంటరిగా చెప్పడం. ఖాళీ చేతులతో వెళ్లకండి. కొత్త ప్లాను గీసి, పాతదాని పక్కన పెట్టి చూపించండి. "సార్, చదరపు అడుగులు అవే. సీట్ల లెక్క మారింది. వాళ్ల పని చూశాక తేలింది" అనండి. ఒక రోజు వాళ్లతో తిరిగానని చెప్పండి. అది మీకు గౌరవమే గానీ నామోషీ కాదు. ఆయనకు ఇబ్బంది ఉంటుంది, ఫైనాన్స్‌కు పంపిన కాగితం వెనక్కి తీసుకోవాలి కాబట్టి. చిరాకు పడవచ్చు, "రెండో దశలో చూద్దాం" అనవచ్చు. రెండో దశ అంటే చాలాసార్లు ఎప్పటికీ రాని దశ. అలా అంటే నీళ్ల పైపులూ డ్రైన్లూ రెండో వాకిలీ ఈ దశలోనే ఉండాలని, మిగతా గోడలు తర్వాత కదిలించవచ్చని బేరమాడండి. నేల పగలగొట్టే పనులు వాయిదా వేస్తే మళ్లీ జరగవు.

మూడోది, యానిమల్ కంట్రోల్ మేనేజరు చేత రాతపూర్వకంగా అభిప్రాయం పంపించడం. ఆ భవనంలో ఉండబోయే శాఖ మాటకు బోర్డు దగ్గర బరువుంటుంది, తప్పు మీ ఒక్కరి నెత్తిన పడదు. కానీ బాస్‌కు ఆ ఉత్తరం మీ నోటి మాటకంటే ముందు చేరితే మీరే వెనకనుంచి రాయించారనుకుంటారు. ఆ నమ్మకం పోతే తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది. ఈ దారి ఎంచుకుంటే వరస తప్పనివ్వకండి. పొద్దున బాస్, సాయంత్రం మేనేజరు.

తప్పుకోవడం గురించి కూడా అడిగారు. తప్పుకోవచ్చు. ఆరోగ్యం బాగా దెబ్బతింటుంటే తప్పుకోవడంలో సిగ్గేం లేదు. కానీ మీ తర్వాత వచ్చేవాళ్లు ఆ ట్రక్కు ఎక్కి ఉండరు, ఆ మెడపట్టీ చూసి ఉండరు. వాళ్ల చేతికి బాస్ మెచ్చిన ప్లాను అందుతుంది, అదే కడతారు. తప్పుకోవాలనే అనుకుంటే చూసినదంతా రెండు పేజీల నోట్‌గా రాసి ఫైల్లో పెట్టి మరీ తప్పుకోండి.

నేనైతే రెండో దారిలో వెళ్లి, అవసరమైతే మూడోది కలుపుతాను. కానీ మీ బాస్‌ను నేనెరగను. నలుగురిలో మెచ్చుకునే మనిషి నాలుగు గోడల మధ్య ఎలా వింటారో మీకే తెలియాలి. మీరు ఏది ఎంచుకున్నా ఈ వారంలోనే ఎంచుకోండి. ఐదు వారాలంటే చాలా ఉన్నట్టుంటుంది గానీ బోర్డు కాగితాలు ముందే అచ్చుకు వెళ్లిపోతాయి.

మీ భర్త మాటకు పెద్దగా చెప్పేదేం లేదు. మీరు నిద్రపోవడం లేదని ఆయనకు తెలుసో లేదో ఉత్తరంలో రాయలేదు. తెలియకపోతే చెప్పండి.

అత్తగారి దగ్గర మాత్రం కాస్త కూర్చోండి. ఆమెను బందెలదొడ్డి గురించి అడగండి. మా ఊళ్లో చెరువు గట్టు కింద ఉండేది, మొండి గోడలు, ఒక తొట్టి, వెదురు తడిక. చేలో పడి మేసిన గేదెను తోలుకొచ్చి అందులో పెట్టేవాళ్లు, యజమాని జుల్మానా కట్టి విడిపించుకునేవాడు. అప్పటిదాకా దానికి మేతా నీళ్లూ పెట్టే బాధ్యత దొడ్డి కాపలాదారుది. అమెరికాలోనూ ఈ శాఖ అలాంటి దొడ్లతోనే మొదలైంది, జంతువులు మారాయంతే. మీరు చంపేచోటు కట్టడం లేదు. తప్పిపోయినవాటిని, దెబ్బలు తిన్నవాటిని, ఎవరికీ అక్కర్లేనివాటిని కౌంటీ తన చేతిలోకి తీసుకునే చోటు కడుతున్నారు. కొన్ని అక్కడే కన్నుమూస్తాయి. ఆ నిజాన్ని ఆవిడ దగ్గర దాచకండి. ఏవి బతకాలో మీ గోడలు నిర్ణయించవు. చివరి గడియలో ఆ ప్రాణి చుట్టూ ఎంత సందడి ఉంటుందో, దాన్ని పట్టుకున్న మనిషి ఆ తర్వాత ఎక్కడికి వెళ్లి నిలబడతాడో మీ గోడలు నిర్ణయిస్తాయి. పాపం గురించి నాకున్న జ్ఞానం కొద్దిపాటిదే, కానీ ఆ గది గురించి ఎవరూ ఆలోచించకుండా వదిలేయడంలో ఉన్నంత పాపం దాన్ని శ్రద్ధగా గీయడంలో ఉండదని నా నమ్మకం.

ఇంకొకటి కూడా ఆవిడకు చెప్పండి. బయటికి వెళ్లొస్తే చెప్పులు గుమ్మం అవతల విప్పి, కాళ్లు కడుక్కుని గానీ లోపలికి రాకూడదని ఆవిడ ఈ వయసులో కూడా పట్టుబడుతున్నారు. ఇరవై ఏళ్ల సర్వీసున్న ఆ ఆఫీసరు అడిగింది కూడా అదే. మీ ప్లానులో లేనిది ఆవిడ మాటలో ఉంది. బూట్ల గది ఎలా ఉండాలో, నీళ్లు ఎటు పోవాలో, తడి కాళ్లతో ఎంత దూరం నడవాలో ఆవిడనే సలహా అడగండి. ఈ పెద్దవాళ్లకు ఆ లెక్కలు మనకంటే బాగా తెలుసు.

ముందుగా చేయవలసిన పని ఒకటుంది. ఒక పేపరు టేపు చుట్ట తీసుకుని రోడ్ల శాఖ ఖాళీ చేసిన ఆ భవనానికి మళ్లీ వెళ్లండి. మంగళ, గురువారాల్లో డాక్టరు ఉంటారన్నారు కదా, ఆ రోజే వెళ్లండి. నేల మీద తొమ్మిది బై పది గది టేపుతో గీసి, కౌంటరు అమ్మాయిని పిలిచి అందులో ఒక కుర్చీ వేసుకుని కూర్చోమనండి, తలుపు ఎటు ఉంటే బాగుంటుందో చూపించమనండి. డాక్టరును ఆఖరి గది దగ్గర నిలబెట్టి ఆ దారి నడిచి చూపించమనండి. ఆ సీనియర్ ఆఫీసరును వెనక తలుపులోంచి, బురద బూట్లతోనే, లోపలికి రమ్మనండి. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ టేపు వేయండి. అప్పుడు ప్లాను గీసి బాస్ దగ్గరకు వెళ్లండి. ఏ గోడ కదిలిందో నాకు రాయండి.